కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ మొక్కలు నాటాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?

విజయవాడ నుంచి ఒక మిత్రబృందం అడిగిన ప్రశ్న ఇది. ఆదివారాలు తీరిక ఉన్న పాతిక మంది ఉన్నారట. కృష్ణ ముఖద్వారంలో మడ అడవులు దెబ్బతిన్నాయని చదివి, వచ్చే వానాకాలంలో హంసలదీవి వైపు వెళ్లి వెయ్యి మొక్కలు నాటాలనుకుంటున్నారు. దీనివల్ల ఉపయోగం ఉంటుందా, ఇలాంటి పని మామూలు జనం వల్ల అవుతుందా లేక ప్రభుత్వానికే వదిలేయాలా అని అడుగుతున్నారు.

జనం వల్ల అవుతుంది. మన కృష్ణ ముఖద్వారంలోనే అయింది కూడా. అయితే మొక్కలు నాటడం ఈ పనిలో చివరి మెట్టు. మొదటిది నీళ్లకు దారి ఇవ్వడం. ఆ దారి తవ్వేదీ, పూడిపోకుండా చూసుకునేదీ అక్కడి పల్లెల వాళ్లే కావాలి. మీరు ఒక ఆదివారం వెళ్లి వెయ్యి మొక్కలు నాటి వచ్చేస్తే వాటిలో ఎక్కువ భాగం ఎండాకాలం దాటవు. అదే పాతిక మంది విజయవాడ వదలకుండా ముఖద్వారానికి చేయగలిగిన మేలు ఒకటి ఉంది. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

నేను చాలా ఏళ్లు అటు దివిసీమలోను, ఇటు రేపల్లె, నిజాంపట్నం వైపు గ్రామ కమిటీలతో కలిసి మడ అడవుల పునరుద్ధరణ పనుల్లో ఉన్నాను. ఇక్కడ రాసేది ఆ పనిలో చూసిందీ, నేర్చుకున్నదీ.

ముందు ఆ ప్రాంతం ఎలా ఉంటుందో తెలియాలి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఒక పాయ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పెద్ద పాయ నాగాయలంక పక్కనుంచి దిగి, సముద్రం దగ్గర పడ్డాక మళ్లీ పాయలుగా విడిపోతుంది. ఈ పాయల మధ్య, వాటి ఒడ్డున పెరిగిందే మన మడ అడవి. కృష్ణా వన్యప్రాణుల అభయారణ్యంగా 1989లో ప్రకటించారు, విస్తీర్ణం దాదాపు 195 చదరపు కిలోమీటర్లు. పాత లెక్కన చెబితే కొంత కృష్ణా జిల్లాలో, కొంత గుంటూరు జిల్లాలో ఉండేది. గుంటూరు వైపు భాగం ఇప్పుడు బాపట్ల జిల్లా కింద ఉంది.

పడవలో వెళ్తూ ఒడ్డు నుంచి చూస్తే అడవి దట్టంగా, ఆరోగ్యంగా కనిపిస్తుంది. దిగి లోపలికి నడిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఏటి గట్టు వెంబడి పచ్చగా ఉన్న వరస దాటగానే మోకాలెత్తు గిడసబారిన మొక్కలు, ఇంకా లోపలికి వెళ్తే ఏమీ లేని బయలు. ఎండాకాలంలో ఆ నేల మీద ఉప్పు తెల్లగా పొర కట్టి ఉంటుంది, అడుగు వేస్తే పెళుసుగా విరుగుతుంది. మొదటిసారి చూసిన వాళ్లంతా "ఇంత ఖాళీ ఉంది, ఇక్కడే నాటేద్దాం" అంటారు. ఆ ఖాళీ ఎందుకు ఏర్పడిందో అడగరు.

మడ చెట్టు ఉప్పు నీటిలో బతుకుతుంది, నిజమే. కానీ ఆ ఉప్పు నీరు రోజూ వచ్చి పోతుండాలి. పోటుకు లోపలికి రావాలి, పాటుకు బయటికి పోవాలి. ఒకప్పుడు వంట చెరకు కోసం అడవిని నరికిన చోట నేల నేరుగా ఎండకు గురైంది. తేమ ఆవిరై మట్టి కుంగింది, మధ్యలో పళ్లెం లాంటి పల్లం ఏర్పడింది. పెద్ద పోటుకు ఆ పల్లంలోకి వచ్చిన నీళ్లు తిరిగి పోలేవు. అక్కడే ఆవిరైపోతాయి, ఉప్పు మిగులుతుంది. ఏటేటా అది పేరుకుంటే సముద్రపు నీటికంటే మట్టిలోనే ఉప్పు ఎక్కువవుతుంది. అలాంటి చోట మడ గింజ మొలకెత్తినా నిలవదు. కొన్ని చోట్ల చిన్న ఏళ్లు పూడిపోవడం వల్ల, మరికొన్ని చోట్ల రొయ్యల చెరువుల గట్లు అడ్డం పడటం వల్ల ఇదే జరిగింది.

దీనికి విరుగుడు చేపముల్లు కాలువలు. ఏటి నుంచి పల్లంలోకి ఒక పెద్ద కాలువ తవ్వి, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు తీస్తారు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖలు, గ్రామస్థులు కలిసి తమిళనాడులోని పిచ్చావరంలో ఈ పద్ధతిని నిలబెట్టారు. తర్వాత మన గోదావరి, కృష్ణా మడ అడవుల్లోనూ చేశారు. నీళ్లు రోజూ వచ్చి పోవడం మొదలైతే పేరుకున్న ఉప్పు కొంచెం కొంచెంగా కడుక్కుపోతుంది. ముందు ఉప్పు నేలల్లో పెరిగే ఇలకూర అనే చిన్న మొక్క పరుచుకుంటుంది. అది కనిపించిందంటే నేల కోలుకుంటున్నట్టు. ఆ తర్వాతే మడ గింజ వేయాలి. చాలా చోట్ల ఎవరూ వేయనక్కర్లేదు, పోటు నీటితో కొట్టుకొచ్చిన గింజలే కాలువ గట్ల మీద నాటుకుంటాయి.

ఈ పనిలో సగం నేర్పు మట్టం చూడటంలోనే ఉంది. మన తీరంలో పెద్ద పోటుకూ పాటుకూ ఉండే తేడా మీటరు, మీటరున్నర మాత్రమే. కాబట్టి కాలువ అడుగు బెత్తెడు ఎత్తుగా ఉన్నా నీళ్లు లోపలికి ఎక్కవు, బెత్తెడు పల్లంగా ఉన్నా బయటికి రావు. దీనికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. తాపీ మేస్త్రీలు గోడ మట్టం చూసుకునే నీళ్ల గొట్టం చాలు. ఏటి గట్టున ఒక గుంజ, బయల్లో వరసగా గుంజలు పాతాలి. గొట్టం ఒక కొనను గట్టు గుంజకు ఆనించి ఒకరు నిలబడతారు. రెండో కొనను ఇంకొకరు గుంజ గుంజకూ తీసుకెళ్లి, నీరు నిలిచిన చోట గీత పెడతారు. గొట్టంలో గాలి బుడగ ఉంటే లెక్క తప్పుతుంది, అందుకే ప్రతిసారీ వేలితో తట్టి బుడగ పోయిందో లేదో చూడాలి. అలా గీసిన గీతల్ని అమావాస్య పోటుతో ఒకసారి, అష్టమి పోటుతో ఒకసారి సరిచూసుకోవాలి. పెద్ద పోటుకు ఎక్కడిదాకా వస్తున్నాయి, చిన్న పోటుకు ఎక్కడ ఆగిపోతున్నాయి అన్నది తెలిస్తే కాలువ ఎంత లోతు తవ్వాలో దానంతట అదే తేలుతుంది. మాతో పనిచేసిన చేపల వేటగాళ్లు చాలామంది పంచాంగం చూడకుండానే తిథిని బట్టి నీళ్ల ఎత్తు చెప్పేవారు. ఏ ఇంజనీరూ వాళ్లకు సాటి రాడు.

తవ్వడంలో రెండు జాగ్రత్తలు. కాలువ పైన వెడల్పుగా, అడుగున సన్నగా ఉండాలి, లేకపోతే గట్లు జారి పూడిపోతుంది. తీసిన మట్టిని పక్కనే వరసగా కట్టలా పోయకూడదు, అక్కడక్కడా ఖాళీలు వదలాలి. లేకపోతే నీళ్లు కాలువలోనే ఉండిపోతాయి, నేల మీదికి పారవు. తవ్వాక మొదటి మూడేళ్లూ పూడిక తీస్తూనే ఉండాలి. మనవాళ్లు ఆర్భాటంగా మొదలుపెట్టి వదిలేసేది సరిగ్గా ఇక్కడే. తవ్వడానికి డబ్బు దొరుకుతుంది, ఫోటోలు వస్తాయి. పూడిక తీయడానికి ఎవరూ డబ్బివ్వరు.

గింజల విషయం తొందరగా చెప్పేస్తాను. మడ అడవిలో మడ, ఉప్పు పొన్న, తిల్ల అని వేర్వేరు చెట్లుంటాయి. మడ కాయలు వానాకాలం చివర రాలతాయి. నానబెడితే పై తొక్క ఊడి మొలక బయటపడుతుంది, అలాంటివి బురదలో వేస్తే చాలు. పొన్న మొలక మునగకాయలా పొడుగ్గా వేలాడుతుంది, దాని కింది భాగాన్ని బురదలోకి గుచ్చాలి, తలకిందులు చేయకూడదు. పొన్నకు ఏటి అంచు, మడకు కాస్త లోపలి నేల, తిల్లకు ఇంకా మెరక నచ్చుతుంది. ఇది మార్చి నాటితే ఎంత సంరక్షించినా దండగే.

ఇక పల్లెల సంగతి. ముఖద్వారాన్ని కాపాడేది అందులో బతికేవాళ్లే. చుట్టుపక్కల ఊళ్లలో వేట మీద బతికే కుటుంబాలున్నాయి, మడ వేర్ల సందుల్లో చేత్తో మండపీతలు పట్టే యానాదులున్నారు, గేదెలు మేపుకునేవాళ్లున్నారు. పీత బొరియ చూసి అందులో పీత ఉందో లేదో, ఉంటే ఎంతదో చెప్పగలిగే మనుషులు వాళ్లు. పండుగప్ప, బొంత, రొయ్య పిల్లలు పెరిగేది ఈ వేర్ల మధ్యనే. అడవి పెరిగితే వల నిండుతుందని వాళ్లకు మనం ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. వాళ్లకు కావలసింది పనిలో కూలీ, నిర్ణయంలో మాట. అటవీశాఖ ఏర్పాటు చేసిన పర్యావరణ అభివృద్ధి కమిటీలు, వన సంరక్షణ సమితులు ఉన్నది ఇందుకే. కొన్ని ఊళ్లలో అవి చురుగ్గా ఉన్నాయి, కొన్ని చోట్ల కాగితం మీదే ఉన్నాయి. మీరు వెళ్లే ముందు ఏది ఎలాంటిదో కనుక్కోండి.

ఒక ఊరి సంగతి చెబుతాను. కాలువలు తీసి, మొలకలు వచ్చిన రెండో ఏడాది గేదెలు పడి మేసేశాయి. కమిటీలో కొందరు జరిమానా వేయాలన్నారు, గేదెలవాళ్లు మా తాతల నుంచి మేపుతున్న చోటన్నారు. రెండు వర్గాలకూ మాటలు లేని దాకా వెళ్లింది. చివరికి ఆ ఊరి ఆడవాళ్లే దారి చూపించారు. మెరక మీద గడ్డి ఉన్న ఒక చెక్కను మేతకు వదిలేసి, అక్కడికి వెళ్లడానికి బాట ఒకటి గుర్తు పెట్టి, కాపలా పని గేదెలవాళ్ల కుర్రాళ్లకే ఇప్పించారు. తర్వాత ఆ బయల్లో మడ నిలబడింది. బయటినుంచి వచ్చిన ఎవరికీ ఆ పరిష్కారం తట్టేది కాదు, ఎందుకంటే ఏ గేదె ఎవరిదో, ఎవరికి ఎవరు చుట్టమో మనకు తెలియదు. వంట చెరకు కోసం నరకడం తగ్గడానికీ కారణం ఆడవాళ్లే. ఆడవాళ్ల పేరిట గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడానికి 1999లో మొదలైన దీపం పథకంతో, ఆ తర్వాతి పథకాలతో గ్యాస్ పొయ్యిలు వచ్చాక అడవిలోకి కట్టెలకు వెళ్లేవాళ్లు బాగా తగ్గారు.

రొయ్యల చెరువుల గురించి అడుగుతారని తెలుసు. 1990ల మధ్యలో తెల్లమచ్చ వ్యాధి వచ్చి టైగర్ రొయ్య సాగు కుదేలైనప్పుడు చాలా చెరువులు పాడుబడ్డాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగు మీద గట్టి తీర్పు ఇచ్చింది, 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. పాడుబడిన చెరువు గట్టుకు సరైన చోట గండి కొడితే పోటు నీళ్లు మళ్లీ లోపలికి వస్తాయి, కొన్ని సీజన్లలో అడవి దానంతట అదే అల్లుకుంటుంది. నేను చూసిన వాటిలో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చిన పని ఇదే. కానీ యజమాని ఒప్పుకోకుండా గట్టు మీద చేయి వేయకండి. సాగులో ఉన్న చెరువుల వాళ్లను శత్రువుల్లా చూడకండి కూడా. చెరువు నీళ్లు శుద్ధి కాకుండా ఏట్లోకి వదిలితే నష్టపోయేది పక్క చెరువు రైతే, ఆ మాట ఆయనతోనే చెప్పించాలి.

ఇప్పుడు అందరికీ ఇబ్బందిగా ఉండే మాట. ముఖద్వారానికి ఉప్పు నీటితో పాటు మంచి నీరూ కావాలి, ఒండ్రూ కావాలి. 1855 నాటి ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. పైన శ్రీశైలం, సాగర్, పులిచింతల ఉన్నాయి. డెల్టా పచ్చగా ఉందంటే వాటి వల్లే, అందులో రెండో మాట లేదు. కానీ వేసవిలో బ్యారేజీ గేట్లు మూసి ఉన్నన్నాళ్లూ కింద నదిలో పారేది ఏమీ ఉండదు. ఒండ్రు పైనే ఆగిపోతుంది. ఒండ్రు రాని తీరాన్ని సముద్రం కోసుకుంటూ వస్తుంది, ఉప్పు నీరు పాయల వెంబడి పైకి ఎగబాకుతుంది. దివిసీమలో చేతి పంపు కొట్టి ఒక గుక్క తాగి చూస్తే ఇది ఎంత నిజమో తెలుస్తుంది. ఎన్ని మొక్కలు నాటినా ఈ లోటు తీరదు. తీరాలంటే మంచి వానలు పడిన ఏడాదైనా, వేసవికి ముందు కొంత నీటిని కిందికి వదలమని అడిగే గొంతులు ఉండాలి. ఆ గొంతు పర్యావరణం పేరుతో మాట్లాడే మనది ఒక్కటే అయితే ఎవరూ వినరు. 1997 చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలున్నాయి, జిల్లా నీటిపారుదల సలహా మండలి సమావేశాలున్నాయి. తమ పొలాల్లోకి ఉప్పు ఎక్కుతోందని కాలువ చివర ఉన్న శివారు రైతులు అక్కడ చెబితే అధికారులు రాసుకుంటారు. వేటగాడిదీ శివారు రైతుదీ ఇక్కడ ఒకే బాధ. ఆ ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగితే మీరు నాటిన వెయ్యి మొక్కలకంటే అది పెద్ద పని.

వరద వస్తే అంతా నష్టమేనని కూడా అనుకోవద్దు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వెళ్లాయి, బ్యారేజీ కట్టాక అంత వరద ఎప్పుడూ రాలేదు. విజయవాడలో బుడమేరు చేసిన నష్టం మీ అందరికీ తెలుసు, లంక గ్రామాలూ మునిగాయి. అదే వరద ముఖద్వారంలో ఉప్పును కడిగి ఒండ్రు పోసింది. దాంతో పాటు చెత్తనూ మోసుకెళ్లింది. పాటు సమయంలో చూస్తే మడ చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్లలా పైకి లేచిన శ్వాస వేర్లు కనిపిస్తాయి. చెట్టు గాలి పీల్చుకునేది వాటితోనే. వరద తర్వాత ఆ వేర్ల మీద పాలిథీన్ సంచులు, పూల దండల దారాలు, థర్మోకోల్ ముక్కలు చుట్టుకుని ఉన్నాయి. ఒక్కొక్క వేరు విరగకుండా సంచిని విప్పాలంటే బురదలో మోకాళ్ల మీద కూర్చోవాలి. చేయి అలవాటున్న వాళ్లకే గంటకు కొన్ని చెట్లు.

అందుకే మీ పాతిక మందికి నేను ఇచ్చే పని విజయవాడలోనే ఉంది. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మన నగరం మధ్యలోంచి వెళ్తాయి. కేఈబీ కాలువ నీళ్లు పులిగడ్డ అక్విడక్టు మీదుగా దివిసీమకు చేరతాయి, అక్కడి ఊళ్ల తాగునీటి చెరువులు నిండేది కాలువ నీటితోనే. నగరంలో కాలువ గట్టు మీద నుంచి విసిరిన చెత్తను కింద ఎవరో ఒకరు ఎత్తాలి, లేదా తాగాలి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అడుగు బయటపడుతుంది. నాలుగు వారాలపాటు అదే మీ పని స్థలం. కాలువ మొత్తం శుభ్రం చేయబోకండి. రెండు వంతెనల మధ్య ఉన్న ఒక్క ముక్క తీసుకుని, ఏటా అదే ముక్క చూసుకోండి. అందులోకి ఎన్ని మురుగు తూములు కలుస్తున్నాయో గుర్తించండి. తూము తూముకూ ఫోటో, తేదీ, ఏమి వస్తోందో రాసి వార్డు సచివాలయంలో, నగరపాలక సంస్థలో ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేని ఫిర్యాదుకు విలువ లేదు. పనికాకపోతే కాలుష్య నియంత్రణ మండలికి, అక్కడా కాకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచికి వెళ్లడానికి ఆ కాగితాలే ఆధారం. వినాయక చవితికి మీ అపార్ట్‌మెంట్లలో మట్టి విగ్రహం పెట్టించగలిగితే అదీ ముఖద్వారానికి చేసిన మేలే. గుంటూరు వైపు మిత్రులు ఎవరైనా ఇది చదువుతుంటే కొమ్మమూరు కాలువకూ ఇదే వర్తిస్తుంది.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి. పాటుకు బయటపడే బురద మేటల మీద మడ నాటకండి. అవి ఖాళీ నేలలు కావు, చలికాలంలో వలస వచ్చే పక్షులకు అవే మేత. సముద్రపు ఒడ్డు ఇసుక మీద, అలలు వచ్చే దాకా సరుగుడు నాటించే కార్యక్రమాలకు వెళ్లకండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేది ఆ ఇసుకలోనే, రాత్రిళ్లు అక్కడ టార్చీలు వేయకండి. నర్సరీ మొక్క నాటితే పాలిథీన్ సంచి తిరిగి తెచ్చేయాలి. నాటిన లెక్క ఎవరికీ చెప్పకండి, మూడేళ్ల తర్వాత బతికి ఉన్న లెక్క చెప్పండి. సునామీ తర్వాత శ్రీలంకలో మడ మొక్కలు విస్తారంగా నాటారు. నాటకూడని చోట నాటి, తర్వాత చూసుకునేవాళ్లు లేక చాలా చోట్ల ఒక్కటీ మిగల్లేదు. అది ఇక్కడ జరగకూడదని నా ఆరాటం. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు దివిసీమలో పోయిన ప్రాణాలు వేలల్లో. ఆ తరం వాళ్లు ఇంకా ఆ ఊళ్లలో ఉన్నారు. సముద్రానికీ ఊరికీ మధ్య చెట్టు ఉండాలని వాళ్లు అనడం సరదాకు కాదు.

అనుమతుల మాట. అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు, నాటడం అసలే కూడదు. 2019 తీరప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం వెయ్యి చదరపు మీటర్లు మించిన మడ అడవికి చుట్టూ 50 మీటర్ల రక్షణ వలయం ఉండాలి. ఎక్కడైనా ఆ హద్దులో గట్లు వేస్తుంటే ఈ నిబంధన పట్టుకుని రాయండి. డబ్బు కోసం మీరు చందాలు వసూలు చేయనక్కర్లేదు. 2023-24 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన మిష్టీ పథకం మడ అడవుల కోసమే, ఉపాధి హామీ నిధుల్ని, అడవి నేలను వేరే పనులకు ఇచ్చినప్పుడు పరిహారంగా జమయ్యే కంపా నిధుల్ని కలిపి వాడాలన్నది ప్రకటించినప్పుడు దాని ఉద్దేశం. గ్రామ కమిటీ తరఫున అర్జీ రాయడంలో, మ్యాపు గీయడంలో, కూలీ బిల్లులు సరిచూడటంలో చదువుకున్న మీలాంటి వాళ్ల సాయం వాళ్లకు నిజంగా కావాలి.

ముఖద్వారం చూడాలని ఉంటే తప్పకుండా వెళ్లండి. మొదటిసారి మొక్కలు పట్టుకెళ్లకండి. అమావాస్యకో పౌర్ణమికో ముందుగా అనుమతి తీసుకుని నాగాయలంక వెళ్లి, కమిటీ వాళ్ల పడవే మాట్లాడుకుని, అడిగిన కిరాయి బేరమాడకుండా ఇచ్చి, పోటూ పాటూ రెండూ చూసి రండి. ఈలోగా మీలో ఎక్కువమంది ఏ కాలువ పక్కన ఉంటున్నారో, ఏ వంతెనకూ ఏ వంతెనకూ మధ్యనో ఇక్కడ రాస్తే, ఆ ముక్కలో ఎక్కడినుంచి మొదలుపెట్టాలో చెబుతాను.